ఎర్ర గడిలో చుక్క

కేరళలో పంపా నది పొంగి మణక్కడవు ఇళ్ళ చూరుల దాకా నీళ్ళు వచ్చిన ఆ పెద్ద వరద తరువాతి ఏడు ఇది జరిగింది. ఆ ఊళ్ళో ఇప్పటికీ కాలాన్ని అలాగే చెప్పుకుంటారు. ఫలానా పెళ్ళి వరదకి ముందా, వెనకా అని అడుగుతారు. తాలూకా ఆసుపత్రికి కంప్యూటర్లు వచ్చింది వరదకి వెనక. కేసు కాగితాలు దాచే గదిలో నీళ్ళు నిలబడి, ఏళ్ళ తరబడి పోగైన కాగితాలన్నీ పిండిముద్దలైపోతే, పారలతో ఎత్తి బండ్లలో తోలేశారు. ఆ తరువాతనే పైనుంచి కంప్యూటర్లు దిగాయి.

కంప్యూటర్లు వచ్చాక ఒకరోజు జరిగింది ఇది. కొబ్బరి పీచుతో తాళ్ళు పేనే భార్గవియమ్మ గొంతు వాచి, జ్వరంతో ఆసుపత్రికి వచ్చింది. డాక్టర్ ఈప్పన్ చూశాడు. ఇంజెక్షన్ గదిలో సిస్టర్ లిజిమోళ్ సూది వేసింది. ఆ మందు భార్గవియమ్మ ఒంటికి పడదు. సూది తీసేలోపే మొహం ఉబ్బింది, ఊపిరి ఆగింది. ఇప్పుడామె మెడికల్ కాలేజీలో గొంతులో గొట్టంతో పడుంది. మాట లేదు. కంప్యూటర్ తెరిచి చూస్తే, పడని మందులు రాయవలసిన ఎర్ర గడిలో ఒక్క చుక్క ఉంది. దాని పక్కన ఈప్పన్ పేరుంది.

"పేరు నాదే. చెయ్యి నాది కాదు" అన్నాడు ఈప్పన్, సూపరింటెండెంట్ పణిక్కర్ అడిగినప్పుడు. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ అనలేదు. ఆ ముక్కే, తప్పు సిస్టర్ దన్న మాటై, నడుచుకుంటూ వెళ్ళి లిజిమోళ్ గుమ్మంలో కూర్చుంది.

అబద్ధమని తెలిసి ఈప్పన్ ఆ మాట అనలేదు. ఆ ఆసుపత్రిలో పనులు జరిగే తీరే అది. కంప్యూటర్లోకి పేరు కొట్టి లోపలికి పోవడానికి చాలాసేపు పడుతుంది. ఒకసారి తప్పు కొడితే తలుపు మూసుకుంటుంది. బయట వరండాలో జనం గోడలకు అతుక్కుని నిలబడి ఉంటారు. అందుకని పొద్దున్నే ఈప్పన్ పేరు మీద ఆయన గదిలోనూ, వార్డులోనూ, ఇంజెక్షన్ గదిలోనూ కంప్యూటర్లు తెరిచి పెట్టేసేవాళ్ళు. రద్దీలో డాక్టరు నోటితో మందు చెప్తే సిస్టర్లు ఆయన పేరు మీదే కొట్టుకునేవాళ్ళు. రోజంతా ఆసుపత్రిలో అన్ని చేతులకూ ఒకటే పేరు. అలాంటప్పుడు ఆ చుక్క సిస్టర్ చెయ్యే అయుంటుందని ఈప్పన్ నమ్మాడు. నమ్మడం తేలిక కూడా.

ఆ మరుసటి వారం కొత్తగా ఒక మనిషి వచ్చాడు. పేరు దినూప్. తిరువనంతపురం నుంచి వచ్చాడు. ఆ కంప్యూటర్లో నడిచే ప్రోగ్రాం తయారుచేసిన వాళ్ళలో ఒకడు. డాక్టర్లకు, సిస్టర్లకు దానితో ఎక్కడ ఇబ్బందో చూసి తేలిక చెయ్యమని పంపారట. చేతిలో ఏమీ లేదు. ఒక ముక్కాలి పీట తెచ్చుకుని ఈప్పన్ పక్కన కూర్చున్నాడు.

"నా పని చూసి నువ్వేం నేర్చుకుంటావు?" అన్నాడు ఈప్పన్.

"నేర్చుకోవడానికి కాదు సారే. ఊరికే చూస్తాను. మీరు నన్ను మర్చిపోండి."

మర్చిపోవడం కష్టం కాలేదు. ఈ మధ్య ఈప్పన్ కి అదొక్కటే బాగా వస్తోంది.

మొదట వచ్చినాయన పడవలు బాగుచేసే ఔసేప్. మోకాలి నొప్పి.

"డాక్టరే, మీరు నా మొహం చూసి ఎన్నాళ్ళయింది?"

"చూస్తూనే ఉన్నానుగా."

"ఎక్కడ చూశారు? నేను గడ్డం పెంచాను. అది కూడా మీకు తెలీదు."

"గడ్డానికి నా దగ్గర మందు లేదు చేట్టా. మోకాలు చెప్పు" అన్నాడు ఈప్పన్. చేట్టా అంటే అక్కడ అన్న.

ఔసేప్ నవ్వాడు. వెనక నిలబడ్డ వాళ్ళూ నవ్వారు. ఈప్పన్ కళ్ళు తెర మీదే ఉన్నాయి. మందు పేరులో మొదటి అక్షరాలు కొడితే, ఆ అక్షరాలతో లోకంలో ఉన్న మందులన్నీ బారులు తీరి దిగాయి. కావలసింది అడుగున ఉంది. అక్కడికి దిగేలోపు తెర వెనక్కి పోయింది. మళ్ళీ కొట్టాడు. ఒక హెచ్చరిక లేచింది. తోసేశాడు. ఇంకోటి లేచింది. అదీ తోసేశాడు. ఒట్టి జ్వరం బిళ్ళకి కూడా ఆ యంత్రం ఊరంతా తగలబడుతున్నట్టు కేక పెట్టేది. తరువాత ఎర్ర గడి వచ్చింది. తరువాత అది ఆకుపచ్చగా మారింది. "ఆ, వెళ్ళు చేట్టా."

తరువాత చంకలో పిల్లతో ఒకామె వచ్చింది. పిల్ల చెవి పట్టుకుని ఏడుస్తోంది.

"ఆ టీవీలో ఏమొస్తోంది సారే? ఇటు తిప్పండి, మేమూ చూస్తాం. ఎటూ మీరు దాన్నే చూస్తున్నారు, దీన్ని చూడట్లేదు."

ఈప్పన్ లేచి పిల్ల చెవి చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ బారులు, మళ్ళీ కేకలు, మళ్ళీ ఎర్ర గడి. అలా పొద్దు నడినెత్తికి వచ్చేదాకా సాగింది. దినూప్ కదల్లేదు.

జనం పలచబడ్డాక క్యాంటీన్ నుంచి రెండు గ్లాసుల పాలు లేని టీ, ఆకులో చుట్టిన అరటిపండు బజ్జీలు వచ్చాయి. దినూప్ లేచి తలుపు దగ్గరగా వేశాడు.

"సారే, ఒకటి అడగనా?"

"అడుగు."

"ఆ ఎర్ర గడి వచ్చినప్పుడల్లా మీరేం చేస్తున్నారు?"

"నింపుతున్నాను. నింపకపోతే అది ముందుకు పోనివ్వదుగా."

"దేనితో నింపుతున్నారు?"

ఈప్పన్ జవాబు చెప్పబోయాడు. తన కుడిచేతి వంక చూసుకున్నాడు. అది టీ గ్లాసు పట్టుకుని ఉంది.

"నిన్నంతా ఇంజెక్షన్ గదిలో కూర్చున్నాను సారే" అన్నాడు దినూప్. "లిజిమోళ్ సిస్టర్ ఆ గడిలో 'లేదు' అని కొడుతుంది. అక్షరం వదలకుండా. చేతిలో సూది, పక్కన ఏడ్చే పిల్లలు. అయినా అంతే. మొన్న పిల్లల డాక్టరమ్మ దగ్గర కూర్చున్నాను. ఆవిడ ఒక అడ్డగీత పెడుతుంది. పళ్ళ డాక్టరు వేలికి ఏ అక్షరం తగిలితే అది కొడతాడు. ఆ గడిని దాటడానికి ఇక్కడ ఒక్కొక్కరిదీ ఒక్కో దారి. ఎవరిది వాళ్ళకి అలవాటైపోయింది. చుక్క పెట్టేవాళ్ళు మాత్రం..."

దినూప్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"చెప్పు."

"మీరొక్కరే సారే."

వరండాలో ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళారు. ఈప్పన్ బజ్జీ తీసుకుని కొరికాడు. నమిలాడు. అది తియ్యగా ఉందో చప్పగా ఉందో నాలుక్కి తెలియలేదు. అయినా మొత్తం తిన్నాడు. ఆకు మడిచి బుట్టలో వేశాడు.

చుక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయనకి తెలుసు. చదువుకునే రోజుల్లో ఒక పెద్ద డాక్టరు నేర్పాడు. చీటీ మీద మందు రాశాక చివర కలం గట్టిగా నొక్కి చుక్క పెట్టాలి, నీ రాత కింద ఇంకొకడు ఏమీ చేర్చకుండా. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పెట్టాడు. కాగితం పోయింది, కలం పోయింది. చుక్క చేతిలో ఉండిపోయింది.

భయం వేస్తుందేమోనని కాసేపు చూశాడు. వెయ్యలేదు. ఏడుపు వస్తుందేమో అనుకున్నాడు. అదీ రాలేదు. ఆరోజు భార్గవియమ్మ మొహం ఎలా ఉందో గుర్తుచేసుకుందామని చూశాడు. పీచు అంటుకున్న వేళ్ళు గుర్తొచ్చాయి, కానీ అవి పాత రోజులవి. వరద శిబిరంలో బడి బల్ల మీద కూర్చుని ఆమె తాళ్ళు లేక ఊరికే చీర కొంగు పేనుతుండటం గుర్తొచ్చింది. ఆరోజుది మాత్రం ఏదీ లేదు. తెరే ఉంది.

"ఆమె పాత కాగితం మీద నేనే రాశాను" అన్నాడు చివరికి. "వరదకి ముందు. కుడివైపు పైన, ఎర్ర సిరాతో. ఈ మందు పడదు అని. ఆ కాగితం చేతిలోకి తీసుకున్న వాడెవడైనా అది చూడాల్సిందే. నేను చూడాలి, సిస్టర్ చూడాలి, మందులిచ్చేవాడు చూడాలి. ఆమెకీ తెలుసు అది రాసుందని. అందుకే నోరు విప్పి చెప్పి ఉండదు. ఆసుపత్రికి తెలుసులే అనుకునుంటుంది."

దినూప్ తల దించుకున్నాడు.

"ఆ గడి ఎర్రగా పెట్టింది నేనే సారే."

"ఓహో."

"పడని మందులేవో డాక్టర్లు రోగుల్ని అడగట్లేదని పైన గొడవైంది. అడిగి తీరాలి అన్నారు. నింపితే గాని కదలకుండా నేనే చేశాను. ఇంజెక్షన్ గదిలో పచ్చరంగు వచ్చేదీ నేను పెట్టిందే. సిస్టర్ కి పచ్చ కనిపిస్తే, డాక్టరు అడిగారు, భయం లేదు, సూది వెయ్యొచ్చని అర్థం. గడిలో ఏముందో యంత్రం చదవదు. ఏదో ఒకటి ఉందా లేదా, అంతే."

"చుక్క ఉన్నా పచ్చేనా?"

"చుక్క ఉన్నా పచ్చే."

"ప్రతిసారీ అందరినీ అడుగుతుంది. చెప్పింది ఎవరికీ చూపించదు" అన్నాడు ఈప్పన్. ఆయన గొంతులో కోపం లేదు. రోగం పేరు చెప్పినట్టు చెప్పాడు. "ఒక్కసారి అడిగితే చాలదా? అడిగినదాన్ని అందరికీ కనబడేట్టు పైన పెట్టలేవా? నిజంగా ప్రాణం మీదికొచ్చే మందుకి మాత్రమే కేక పెట్టించలేవా?"

"పెట్టగలను. కష్టం కూడా కాదు." దినూప్ ఖాళీ గ్లాసు పక్కకి జరిపాడు. "ఇన్నాళ్ళూ ఎవరి పక్కనా కూర్చోలేదు సారే."

"రేపు భార్గవియమ్మ సంగతి మీద విచారణకి వచ్చే వాళ్ళకి ఇది చెప్తావా?"

"నన్ను పిలవలేదు. మార్చాల్సినవి రాసి పంపమన్నారు. అంతే."

సాయంత్రం పణిక్కరే స్వయంగా వచ్చాడు. మనిషి భారీ. ఈప్పన్ తో కలిసి చదువుకున్నవాడు. నలుగురిలో డాక్టర్ ఈప్పన్ అంటాడు, తలుపు వేశాక ఒరేయ్ అంటాడు. టైపు చేయించిన కాగితం బల్ల మీద పెట్టి, కలం మూత కూడా తనే తీశాడు.

"సంతకం పెట్టరా. నువ్వన్న మాటే. మందు నోటితో చెప్పావు, సిస్టర్ నీ పేరు మీద కొట్టింది, గడి తనే నింపింది. మూడు ముక్కలు."

"దాంతో ఆ పిల్లనేం చేస్తారు?"

"ఏం చేస్తారు? తాత్కాలికం ఉద్యోగం. పొడిగించరు. ఉరి తీస్తారా ఏంటి? ఇంకో ఆసుపత్రి చూసుకుంటుంది."

"ఈ కాగితంతోనా? ఏ ఆసుపత్రి గడప తొక్కనిస్తుంది?"

"ఒరేయ్ ఈప్పా, నువ్వు పింఛను గుమ్మంలో ఉన్నావు. ఇంకో వర్షాకాలం చూసి పోయేవాడివి. నీకెందుకు?"

"ఆ గడి నింపింది నేను పణిక్కరూ."

పణిక్కర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆ తిరువనంతపురం కుర్రాడు చెప్పాడా? పీట మీద కూర్చున్నవాడు?"

"వాడు చూసింది చెప్పాడు."

"నీకు గుర్తుందా? నువ్వు పెట్టినట్టు నీకు గుర్తుందా?"

"లేదు."

"అయిపోయింది! గుర్తులేని పని నేనే చేశానని చెప్పుకునే పిచ్చోడు ఈ జిల్లాలో నువ్వొక్కడివే ఉంటావు."

"గుర్తుంచుకుని ఎవరూ చెయ్యరు దాన్ని" అన్నాడు ఈప్పన్. "గుర్తుండే పనైతే ఆమెని అడిగుండేవాణ్ణి."

పణిక్కర్ చాలాసేపు ఆయన మొహం చూశాడు. స్నేహితుడు బాధపడుతున్నాడేమోనని వెతికాడు. అక్కడేమీ కనబడలేదు. దాంతో పణిక్కర్ కే భయం వేసినట్టుంది, లేచాడు.

"ఇంటికి పో. గంజి తాగి పడుకో. రేపు విచారణ వాళ్ళు వస్తారు. కాగితం ఇక్కడే ఉంచుతున్నా. పొద్దున్నకి నీ బుర్ర నీకొస్తుంది."

కాగితం మీద గాజు బరువు పెట్టి వెళ్ళిపోయాడు. ఈప్పన్ దాని మీద సంతకం పెట్టలేదు. చింపనూ లేదు.

బయటికి వస్తుంటే ఇంజెక్షన్ గది గుమ్మంలో లిజిమోళ్ నిలబడి ఉంది. తెల్ల కోటు తీసి మడిచి చేతి మీద వేసుకుంది. కళ్ళ కింద నల్లగా ఉంది. సన్నగా చినుకులు మొదలయ్యాయి.

"సారే, మీ పేరు మూసెయ్యనా?"

రోజూ సాయంత్రం అడిగే మాటే. పొద్దున్న తెరిచిన పేరుని ఇంటికి పోయే ముందు ఆమే మూస్తుంది.

"మూసెయ్."

లోపలికెళ్ళి మూసి వచ్చింది. గొడుగు తెరవబోయి ఆగింది.

"రేపు నన్ను రావద్దన్నారు. విచారణ వాళ్ళు అడగాల్సింది మిమ్మల్ని అడిగాక, అవసరమైతే నన్ను పిలుస్తారట. మంచిదే. ఇంట్లో ఉతకాల్సిన బట్టలు గుట్టగా ఉన్నాయి."

ఈప్పన్ వరండా అంచుకి వచ్చాడు.

"వీధిలో అందరూ నన్నే చూస్తున్నారు సారే. చేపలమ్మే అక్క కూడా నా చెయ్యి వంక చూసి చేప ఇస్తోంది. ఈ చేత్తోనేగా అన్నట్టు." ఆమె ఏడవట్లేదు. ఏడవడం నిన్నో మొన్నో అయిపోయినట్టుంది. "ఒక్కటి చెప్పండి. మీరు నిజంగానే అది నేనని అనుకున్నారా?"

"అనుకున్నాను."

"నాకు పచ్చ కనిపించింది సారే. మీరు అడిగారనుకున్నాను. మీరు అడక్కుండా ఉండరు అనుకున్నాను."

"ఊఁ."

"ఇప్పుడో? ఇప్పుడు కూడా నేనే అనుకుంటున్నారా?"

నోట్లో జవాబు ఉంది. నాలుక కదిలితే చాలు. పడవరేవు దగ్గర బస్సు హారన్ కొట్టింది. అది ఆమె ఎక్కాల్సిన బస్సు. లిజిమోళ్ కాసేపు ఆయన వంక చూసింది. తరువాత గొడుగు తెరుచుకుని వానలోకి దిగింది. పరిగెత్తలేదు. ఆమె వెళ్ళేదాకా బస్సు ఆగింది. ఈప్పన్ వరండాలోనే నిలబడి ఉన్నాడు.

మర్నాడు పొద్దున ఆయన ఆసుపత్రికి వెళ్ళలేదు. తెల్లవారగానే మొదటి బస్సెక్కి మెడికల్ కాలేజీకి వెళ్ళాడు.

భార్గవియమ్మ కొడుకు సుధీష్ ఐసీయూ పెద్ద తలుపుల బయట నేల మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. ఈప్పన్ ని చూసి లేచి నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ మర్యాద తప్పలేదు.

"ఎలా ఉంది అమ్మకి?"

"అలాగే ఉంది డాక్టరే. చెయ్యి పట్టుకుంటే వేలు కదిలిస్తోంది. అదైనా నిజమో, నా భ్రమో. మీరెందుకు ఇంత దూరం? కూర్చోండి."

ఈప్పన్ కూర్చోలేదు.

"సుధీష్, ఆరోజు మందు రాసేముందు మీ అమ్మని అడగాల్సింది నేను. అడగలేదు. అడిగినట్టు కంప్యూటర్లో గుర్తు పెట్టింది కూడా నేనే. ఆ సిస్టర్ దాన్ని చూసి, నమ్మి, సూది వేసింది. ఆమె తప్పు లేదు. వేరేవాళ్ళు నీకు చెప్పకముందు నేను చెప్పాలని వచ్చాను."

సుధీష్ అరవలేదు. చొక్కా పట్టుకోలేదు. గోడకి ఆనుకుని మెల్లగా మళ్ళీ కింద కూర్చున్నాడు.

"మీరేనా" అన్నాడు. "వరదలో మా అమ్మ ఎవరి మాట మీద పడవెక్కిందో తెలుసా మీకు? నేను బతిమాలితే ఎక్కలేదు. మీరు కసిరితే ఎక్కింది."

"తెలుసు."

"ఇన్ని రోజులైపోయాక చెప్తున్నారు."

"నాకే నిన్న తెలిసింది."

ఆ మాట ఎంత వింతగా ఉందో అన్నాక గాని ఈప్పన్ కి వినపడలేదు. సుధీష్ తలెత్తి చూశాడు. అప్పుడు అతని మొహంలో కోపం పోయి కంగారు వచ్చింది.

"డాక్టరే, ఒక పని జరిగిపోయింది. నిన్న సాయంత్రం నేను పోలీస్ స్టేషన్ కెళ్ళాను. ఆసుపత్రిలో ఒకాయన చెప్పాడు, సిస్టరే చేసింది, డాక్టర్ గారే అలా అన్నారని. ఆమె పేరు రాసిచ్చేశాను. పొద్దున్నే ఇంటికెళ్ళి తీసుకొస్తామన్నారు."

ఈప్పన్ ఫోన్ తీశాడు. లిజిమోళ్ నంబరు కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు మోగింది. ఎత్తారు. వెనక పెద్దగా ఆడవాళ్ళ గొంతులు, ఒక బండి ఇంజను చప్పుడు వినిపించాయి.

"ఎవరు?" అంది ఒక మగ గొంతు. అది ఆజ్ఞలివ్వడానికి అలవాటుపడ్డ గొంతు.

"నా పేరు ఈప్పన్. మణక్కడవు ఆసుపత్రి డాక్టర్ని. ఆ అమ్మాయిని బండి ఎక్కించకండి. ఆ చుక్క నేను పెట్టాను."

అవతల ఇంజను చప్పుడు ఆగలేదు.

"ఏ చుక్క?" అంది ఆ గొంతు.

ఈప్పన్ సుధీష్ పక్కన నేల మీద కూర్చుని, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.